ఆర్తుల విశ్వాసము

చరిత్ర యనగానే రాజుల జయాపజయములును, కోటల ముట్టడులును మన మనస్సునకు తోచును. కాని యొక దేశమునందలి జనుల బ్రతుకును నిజముగా మార్చిన సంగతులు పెక్కు శాసనములకెక్కలేదు. వానిని వెదకవలెనన్నచో చెప్పులు కుట్టువాని గుడిసెలోనికిని, కాలువ త్రవ్వు చోటికిని, ఏటి గట్టునకును పోవలసియుండును. అట్టి సంగతి యొకటి మన తెలుగుదేశముననే, ఒంగోలు ప్రాంతమున, 1878వ సంవత్సరమున జరిగెను. దానిని గూర్చి మనవారు రెండు విధములుగా చెప్పుకొందురు. క్రైస్తవ గ్రంథకర్తలు కొందఱు దానిని మహాద్భుతమని కొనియాడుదురు. తక్కినవారు, ‘కఱవుకాలమున కూటికొఱకు మతము మార్చుకొనిరి’ అని యొక్క మాటతో త్రోసివేయుదురు. ఈ రెండు మాటలును నాకు తృప్తి నొసగలేదు.

నేనీ విషయమును విచారించుటకు నా తరగతిలో జరిగిన చిన్న సంగతియే కారణము. బాలురకు 1876-78 నాటి ధాత కఱవును గూర్చి చెప్పుచుండగా వెనుక బల్లనుండి యొక విద్యార్థి, ‘గంజి పోసినందుకే గదండీ వీళ్ళు కిరస్తానీలైనది?’ అని ముందు బల్లమీది బాలుని చూపి నవ్వెను. ఆ బాలుడు మాటాడలేదు. పుస్తకముమీదికి తల వంచుకొనెను. నేను నవ్వినవానిని మందలించితిని. కాని మందలింపు సమాధానము కాదు. సమాధానము నాకు తెలియలేదు. ఇరువదియేండ్లు చరిత్రము చెప్పినవాడను, నా యూరికి కొలది దూరముననే జరిగిన దాని నెఱుగనైతిని గదా యని సిగ్గుపడి, దొరకిన గ్రంథములు తెచ్చి చదివితిని. నేను క్రైస్తవుడను గాను. ఒకరి మతము మాన్పుటకుగాని, మఱొకరి మతమున జేర్చుటకుగాని యీ వ్యాసము వ్రాయుటలేదు. ఆ బాలునకు బాకీపడిన సమాధానమును తీర్చుటకే వ్రాయుచున్నాను.

అమెరికాదేశపు బాప్తిస్టు సంఘమువారు తెలుగువారి నడుమ పని ప్రారంభించినది 1836లో. శామ్యూల్ డే యను నాతడు మొదట విశాఖపట్టణమునకు వచ్చి, కొంతకాలము శ్రీకాకుళమునను మద్రాసునను ఉండి, 1840లో నెల్లూరున స్థిరపడెను. ఏండ్లు గడచెను. వినువారు వినిరి, పోవువారు పోయిరి. సంఘమున జేరినవారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. ఇంత ధనము వెచ్చించి యింత స్వల్పఫలము నేల పొందవలెనని అమెరికాలోని పెద్దలు విసిగిరి. 1853లో ఆల్బనీ పట్టణమున జరిగిన వారి మహాసభలో నెల్లూరు మిషనును మూసివేయుదమా యను ప్రశ్న చర్చకు వచ్చెను. దేశపటమున ఆ మిషనునకు నెల్లూరొక్కటియే చుక్కవలె గుర్తింపబడియుండుటచే దానికి ‘ఒంటిచుక్క’ యను పేరు వచ్చెను. శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అను కవి యా రాత్రియే ఆ చుక్కను గూర్చి పద్యములు వ్రాయగా, మఱునాడవి సభలో చదువబడెను. మనసులు కరగెను. చుక్క నిలిచెను.

ఈ వృత్తాంతమున కవి పేరును సభ పేరును అందఱు తలంతురు. కాని నా మనస్సు నిలుచుచోటు వేఱు. ఆ సభ జరిగిన మఱు సంవత్సరము, అనగా 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున, ఒంగోలు ప్రక్కనున్న కొండమీదికి ఐదుగురు మనుష్యులెక్కిరి. వారిలో లైమన్ జూయెట్ దొరయు, ఆయన భార్యయు తప్ప తక్కిన మువ్వురును తెలుగువారే. అందు జూలియా యను నామె యొకతె. ఆ మువ్వురిలో ఇద్దఱు స్త్రీలు. క్రింద ఊరింకను నిద్రలో నుండెను. ఒంగోలునకు ఒక బోధకుని పంపుమని వారు దేవుని ప్రార్థించి దిగివచ్చిరి. నేటికిని ఆ కొండను ప్రార్థన కొండ యనియే పిలుతురు.

ఆ ప్రార్థనకు సమాధానమెప్పుడు వచ్చెను? మఱునాడు కాదు, మఱు సంవత్సరమును గాదు. పండ్రెండేండ్లు పట్టెను. ఈ లోపల 1862లో జూయెట్ దొర స్వదేశమునకు పోగా, అక్కడ మరల మిషను మూసివేయు ప్రసక్తి వచ్చెను. మీరు పంపకున్నను నేను తెలుగువారి యొద్దకు పోయి అక్కడనే ప్రాణములు విడుతునని యాయన చెప్పెనట. అట్లైనచో నిన్ను పాతిపెట్టుటకైనను ఒకనిని తోడు పంపవలెనని కార్యదర్శి బదులు చెప్పెనట. అట్లు తోడు వచ్చినవాడే జాన్ ఎవరెట్ క్లౌ. ఆయన వేదాంత పండితుడై పుట్టినవాడు కాడు. యౌవనమున భూములు కొలుచు సర్వే పనిచేసినవాడు. ఆ గొలుసుపట్టిన చేతులే తరువాత ఎట్లక్కఱకు వచ్చినవో ముందు చెప్పెదను. 1865లో ఆయన యీ దేశమునకు వచ్చి, 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరెను.

పట్టుదల యనగా నేమో యీ పండ్రెండేండ్లను చూచి తెలిసికొనవలెను. ఒక దినమున ఉత్సాహముతో కొండ యెక్కుట యెవ్వరికైనను సాధ్యమే. దిగివచ్చిన తరువాత నాలుగువేల దినములు, ఫలమేమియు కనబడకయే, మామూలుగా లేచి, మామూలుగా పనిచేసి, మామూలుగా పరుండుట కష్టము. జూలియాయు ఆమె తోడివారును చేసిన దదియే. వారి యా దినములను గూర్చి చరిత్రకారుడు వ్రాయుటకేమియు లేదు. అందుచేతనే యవి గొప్పవి.

ఇక తెలుగువారి వైపునుండి చూతము. ఒంగోలునకు పడమట నలువది మైళ్ళ దూరమున తాళ్ళకొండపాడను పల్లె గలదు. అక్కడ యెఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగ కులస్థుడుండెను. తోళ్ళ వ్యాపారము చేయువాడు. దొరలు వచ్చి యాతనిని మేల్కొల్పిరనుట సరికాదు. ఆతడంతకు ముందే మేల్కొనియుండెను. రాజయోగము నుపదేశించు నొక స్త్రీని గురువుగా సేవించి, ధ్యానమభ్యసించి, దేవుడొక్కడే యని యాతడు తలంచుచుండెను. మన గ్రామములలో అస్పృశ్యులని వెలివేయబడినవారి వాడలయందు ఇట్టి గురుశిష్య పరంపరలు నడచుచుండెనని మనలో నెందఱకు తెలియును? క్లౌ దొర భార్యయైన ఎమ్మా రౌషెన్‌బుష్ ఆ వాడలలోని ముసలివారి నోట విని, 1899లో ప్రకటించిన గ్రంథమున నీ సంగతులు వ్రాసెను. ‘చెప్పులు కుట్టుచు’ అని యర్థమిచ్చు పేరు దాని కామె పెట్టినది.

పేరయ్య తోళ్ళు కొనుటకై ఉత్తరమున ఏలూరు వఱకు పోయి, అక్కడి క్రైస్తవబోధకుని మాటలు వినెను. తాను వెదకునది యిదియే యని యాతనికి తోచెను. ఇంటికి వచ్చి భార్య నాగమ్మతో చెప్పెను, బంధువులతో చెప్పెను, తోళ్ళు బేరమాడుచు చెప్పెను. 1866లో ఆ దంపతులు బాప్తిస్మము పొందిరి. మఱు సంవత్సరము జనవరిలో క్లౌ దొరను తన యూరికి పిలిచికొనిపోయెను. దొర చింతతోపులో దిగునప్పటికి చుట్టుపట్ల పల్లెలనుండి ముప్పది నలువదిమంది బట్టల మూటలతో, తినుటకు తెచ్చుకొన్న అన్నముతో వచ్చి కూర్చుండిరి. పేరయ్య చెప్పినదంతయు విన్నాము, తక్కినది నేర్చుకొని బాప్తిస్మము పొందినగాని పోమనిరి. ఐదు దినములచ్చటనే యుండిరి. ఇరువదియెనమండ్రు బాప్తిస్మము పొందిరి. చదువరులు దీనిని గమనింతురుగాక: వారు దొర పెట్టు కూటికై రాలేదు, తమ కూడు తామే మూట గట్టుకొని వచ్చిరి.

అంతలో నొక చిక్కు గలిగెను. క్లౌ దొర ఒంగోలున ఒక పాఠశాల నడుపుచుండెను. అందు బ్రాహ్మణులు మొదలగు అగ్రజాతుల పిల్లలు చదువుచుండిరి. వారి పెద్దలలో కొందఱు దొర బోధయందు శ్రద్ధ చూపుచుండిరి. మాదిగలు సంఘమున జేరిరని తెలియగానే వారు వచ్చి, వీరిని చేర్చుకొందువేని మేమును మా పిల్లలును రామని చెప్పిరి. దొరకు దిక్కు తోచలేదు. పెద్దకులములవారు ముందు చేరినచో దేశమంతయు వెంటవచ్చునని మిషనరీలలో పలువురకు ఆశ. ఆ యాశను వదలుకొనుట సులభమా? ఆయన తన గదిలోనికి పోయి ప్రార్థించి, అక్కడ పేర్చియున్న క్రొత్త నిబంధన ప్రతులలో నొకటి తీసి తెఱచెను. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని మొదటి యధ్యాయము కంటబడెను. పిలువబడినవారిలో జ్ఞానులును ఘనులును అనేకులు లేరనియు, లోకము నీచులని తృణీకరించినవారినే దేవుడు కోరుకొనెననియు చెప్పు భాగమది. ఆయన లేచి వచ్చి భార్యతో చెప్పగా నామె యాశ్చర్యపడెను. వేఱొక గదిలో నామెయు నట్లే పుస్తకము తెఱచి ఆ వాక్యములనే చదువుచుండెనట.

ఇది దైవప్రేరణమా, కాకతాళీయమా యని మన హేతువాదులడుగుదురు. అడుగవలసినదే. దళసరి పుస్తకము తఱచుగా తెఱచినచోటనే తెఱచుకొనునని చెప్పిన నేను కాదనను. కాని నాకు ముఖ్యముగా కనబడునది పుట తెఱచుకొనుట కాదు, దాని తరువాత పాఠశాల మూతపడుట. దంపతులు మాదిగలనే చేర్చుకొనిరి. అగ్రజాతి బాలురు వెడలిపోయిరి. నష్టము కన్నులయెదుట నుండెను, లాభము కన్నులకు కనబడలేదు. దైవము దారి చూపుట యనగా ఆకాశమునుండి శబ్దము వినబడుట యని మనము తలంతుము. నా మట్టునకు, మనకు లాభకరము గాని ధర్మమును ధర్మమని యెఱిగి దాని వెంట నడచుటయే దైవము చూపిన దారి యని తోచుచున్నది. పుస్తకము తెఱచి, చదివి, మరల మూసి, పెద్దమనుష్యుల మాటయే వినియుండినచో దానిని దైవప్రేరణమని యెవ్వరు చెప్పియుందురు?

దొర నష్టపడినది పాఠశాల. మాదిగలు నష్టపడినది నిత్యజీవనము. సంఘమున జేరువారికి క్లౌ దొర మూడు నియమములు పెట్టెను: ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకివి చిన్నవి. గ్రామవ్యవస్థ నెఱిగినవారికి వీని బరువు తెలియును. మాదిగ రైతునకు చెప్పులు కుట్టవలెను, మోటకు తోలుబానయు కాడికి వారును చేసి యీయవలెను, చచ్చిన పశువు నీడ్చుకొనిపోవలెను, జాతరలో డప్పు వాయింపవలెను, పిలిచినప్పుడు వెట్టికి పోవలెను. ఇందులకు ప్రతిగా కళ్ళమునందు కొలిచియిచ్చు గింజలే వాని సంవత్సర గ్రాసము. కోతలనాటి ఆదివారము రానన్నవానికి, అమ్మవారి కొలువునందు డప్పు పట్టనన్నవానికి గింజ లెవ్వరిత్తురు? పెక్కు పల్లెలలో వారిని కొట్టిరి, కూలికి పిలుచుట మానిరి, లేని నేరములు మోపిరి. అట్లైనను వారు ప్రతి వారము ఆ యేడవదినమున పనికి పోక నిలిచిరి. ఒక పండుగనాటి శౌర్యము కాదిది; సంవత్సరమునకు ఏబదిరెండు మారులు చేయవలసిన శౌర్యము.

మన సంస్కర్తల చరిత్రను తలచుకొందము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి, 1881లో రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిరి. వారి ధైర్యము మనకు పూజ్యము. కాని ఆ కాలముననే, పత్రికలును ఉపన్యాసములును లేక, అక్షరమైనను రాని కుటుంబములు తమ పొయ్యిమీది కుండలోనికి ఏమి చేరవలెనో ఏమి చేరరాదో తామే నిర్ణయించుకొని, దానికై దెబ్బలు తినిరి. గృహిణులే యా నియమమును నడపినవారు. ఆకలిగొన్న పిల్లలకు, దొరకిన మాంసమును పెట్టనని చెప్పవలసినది తల్లియే గదా. ఇట్టి సంస్కరణమును మన చరిత్రపుస్తకములు లెక్కింపవు.

ఇట్లు కఱవునకు ముందే, పదేండ్లలో, ఒంగోలు సంఘమున మూడువేలకు పైగా జనులు చేరియుండిరి. అప్పుడు ధాత కఱవు వచ్చెను. 1876లో వానలు తప్పెను. మఱు సంవత్సరమును తప్పెను. దక్షిణదేశమంతట లక్షలకొలది జనులు చచ్చిరి. ప్రభుత్వమువారు కఱవు పనిగా బకింగుహాము కాలువను త్రవ్వించుచుండిరి. కూలికి పోయినవారిని మేస్త్రీలు బాధించుచున్నారని విని, క్లౌ దొర ఆ కాలువలో మూడున్నర మైళ్ళ పనిని తానే కంట్రాక్టు పుచ్చుకొనెను. పూర్వము నేర్చిన సర్వే విద్య యప్పుడక్కఱకు వచ్చెను. వేలకొలది జనులు, అన్ని కులములవారును, అక్కడికి వచ్చిరి. సంఘపు బోధకులే పనిమీద తనిఖీదారులైరి. కూలి సరిగా ముట్టెను. మధ్యాహ్నమున జనులు నీడను కూర్చుండినప్పుడు వారికి తెలిసినది వీరు చెప్పిరి.

ఆక్షేపణకు మూలమిక్కడ నున్నది. గంజియు బోధయు ఒక్కచోటనే దొరకెననుట నిజము. దానిని దాచరాదు. కాని దీని తరువాతి సంగతిని ఆక్షేపకులు చెప్పరు. ఆ కఱవుకాలమున బాప్తిస్మమిమ్మని జనులు గుంపులుగా వచ్చి యడిగినను క్లౌ దొర యీయలేదు. పదునైదు మాసములు ఒక్కరికిని ఈయలేదు. అన్నము కొఱకు వచ్చుచున్నారేమో యను సందేహము మనకంటె ముందాయనకే కలిగెను. 1878లో కాలువ పని ముగిసి, సహాయద్రవ్యమును ఖర్చయిపోయెను. ఇక నీయవలసినదేమియు లేదని చెప్పి, క్రైస్తవులను మాత్రమే గుండ్లకమ్మ యొడ్డుననున్న వెల్లంపల్లికి రమ్మని కబురుపెట్టెను. కాని వేలకొలది యితరులును వచ్చిరి. మాకు ద్రవ్యమక్కఱలేదు, మా చేతుల కాయలు చూడుడు, కష్టపడి బ్రతుకగలము. పంట మరల తప్పినచో చత్తుము, చచ్చినను క్రైస్తవులమై చావగోరుచున్నామని వారనిరి. ఇంకను కాదనుటకు దొరకు నోరాడలేదు.

1878 జూలై 3వ తేదీ ఉదయమున ఏటిలో బాప్తిస్మము మొదలయ్యెను. ఆఱుగురు తెలుగు బోధకులు, ఇద్దఱిద్దఱుగా వంతులు మార్చుకొనుచు నీటిలో నిలిచిరి. ఒక్కొక్కరి పేరును విచారించి పిలిచిరి. మధ్యాహ్నము కొంతసేపు విశ్రమించి, మరల సాయంకాలము వఱకు నడపిరి. ఆ దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. దొర యా దినమున స్వయముగా ఒక్కరికిని ఈయలేదు. తెలుగువారి చేతులే తెలుగువారిని నీట ముంచి లేవనెత్తినవి. కొలది మాసములలో నా సంఖ్య తొమ్మిదివేలు దాటెను.

కూటికొఱకే చేరిరందుమా, కూడున్నన్నాళ్ళు వారిని చేర్చుకొనలేదు. చేర్చుకొన్ననాడు కూడు లేదు. కఱవు తీఱిన తరువాత తిరిగిపోవుటకు దారి తెఱచియే యుండెను. ఊరివారు సంతోషముగా డప్పు చేతికిత్తురు. అయినను సంఘము పెరిగెనేగాని తరుగలేదు. 1890 డిసెంబరులో, కఱవేమియు లేనప్పుడు, ఒంగోలున నొక్కదినమున 1,671 మంది బాప్తిస్మము పొందిరి.

అయినను ఇంకొక ప్రశ్న మిగిలియున్నది. ఆకలియు అవమానమును వారి నిర్ణయమున కొంతయైనను పాలుపొందలేదా? పొందియుండును. మనిషిగా చూచువాడొకడు దొరకెనని వారు సంతసించియుందురు. దానిలో తప్పేమి? గీతయందు భగవానుడు తన్ను భజించువారు నాలుగు తెఱగులవారని చెప్పి, వారిలో ఆర్తుని మొదట పేర్కొని, జ్ఞానిని చివర పేర్కొనెను. వారందఱును ఉదారులే యని చెప్పెను. గజేంద్రుడు మొసలినోట జిక్కినపుడు గదా మొఱపెట్టినది! ఆ మొఱను స్వార్థమని మనమెన్నడును అనలేదు. ఏనుగునకు ఒప్పుకొన్న హక్కును మాదిగవానికి ఒప్పుకొనకుండుట యేమి న్యాయము? క్రీస్తు తన శిష్యులకు నేర్పిన ప్రార్థనలోనే ఏనాటి యాహారము నానాడు దయచేయుమను కోరిక యున్నది. ఆకలి దైవమునకు దూరపుదారి కాదని రెండు మతములును ఒప్పుకొనుచుండగా, కడుపునిండినవారము మనకేల యభ్యంతరము?

దోషములను చెప్పక విడచుట చరిత్రకారునకు తగదు. వేలకొలది చేరినవారికి చాలినంత బోధ గఱపుటకు బోధకులు లేకుండిరి. పెక్కు పనులకు దొర ముఖమునే చూచు నలవాటు సంఘమున నాటుకొనెను. అన్నిటికంటె శోచనీయము, కులమును కాదని చేరిన సంఘములలోనికి కులము వెనుకనే వచ్చి కూర్చుండుట. మాల మాదిగ భేదము పెక్కుచోట్ల ఆరాధనమందిరపు గడప దాటి లోపలికి పోయినది, నేటికిని పూర్తిగా పోలేదు. కొరింథీయుల పత్రికను చూచి పాఠశాలను మూసికొన్న దంపతుల కథను చెప్పుకొనువారు, ఆ పత్రికను తమ యింటి పెండ్లి సంబంధములనాడు కూడ తెఱచి చూచుట మంచిది. ఈ మాట వారికే కాదు. గీత చదువు మనకును చెల్లును.

క్లౌ దొర 1910లో చనిపోయెను. జూలియా, పేరయ్య, నాగమ్మ మొదలగువారిని తలంచువారు తక్కువ. కాని నాకు వారి చరిత్రలో నొక పాఠము కనబడుచున్నది. విశ్వాసము కొండమీద పుట్టవచ్చును. అది బ్రతుకునది మాత్రము తోళ్ళ బేరములోను, వంటకుండలోను, ఆదివారపు కూలి మానుకొనుటలోను. దైవము దారి చూపినను కాళ్ళు మనవే నడువవలెను, అదియును ప్రతిదినము.

తరువాత నొకనాడు నేను తరగతిలో ఆ పాఠమునే మరల చెప్పితిని. చింతతోపును, మూడు నియమములను, పదునైదు మాసములను, గుండ్లకమ్మను చెప్పితిని. నవ్విన బాలుడు శ్రద్ధగా వినెను. తల వంచుకొన్న బాలుడు చేయి యెత్తి, ‘మా ముత్తవ్వ వెల్లంపల్లి మాట చెప్పేదండీ, మా యింట్లో అందఱికీ తెలుసు’ అనెను. మఱి యానాడు నీవేల చెప్పలేదని యడిగితిని. ‘నన్నెవరూ అడగలేదండీ’ అనెను.